గుడికి ఫెడరల్ భద్రతా గ్రాంటు: కాంగ్రెస్ సభ్యుడి మాట దగ్గర్నుంచి వంటింటి తలుపు దాకా ఒక కేస్ స్టడీ

అమెరికాలోని ఒక మధ్యస్థాయి నగరం శివార్లలో తెలుగువాళ్ళు నడుపుకునే గుడి కేసు ఇది. ఊరు, రాష్ట్రం, అక్కడి కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుడి పేరు, పార్టీ రాయడం లేదు. ఏ తలుపు ఎటువైపు ఉందో తెలిస్తే గుడికే ప్రమాదం కాబట్టి కట్టడం వివరాలు కొన్ని మార్చాను. సంఖ్యల్లో నిబంధనలకు చెందినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

ప్రార్థనా స్థలాలకు, ఇతర లాభాపేక్ష లేని సంస్థలకు భద్రతా ఏర్పాట్ల కోసం హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఇచ్చే నిధిని నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్, పొట్టిగా ఎన్‌ఎస్‌జీపీ అంటారు. ఆ శాఖ కింద ఉన్న విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా దీన్ని నడుపుతుంది. మొదట్లో ఇది పెద్ద నగరాలకే పరిమితం. ఆ తర్వాత మిగతా ప్రాంతాలకు వేరే వాటా వచ్చింది. 2020 జనవరిలో అయిన చట్టం ఈ పథకాన్ని హోంలాండ్ సెక్యూరిటీ చట్టంలో శాశ్వతంగా చేర్చి ఏడాదికి 75 మిలియన్ డాలర్లకు అనుమతి ఇచ్చింది. ఏటా బడ్జెట్‌లో సభ్యులు పట్టుబట్టి సాధించింది దానికి రెండు నుంచి నాలుగు రెట్లు: 2021లో 180 మిలియన్లు, 2022లో 250, 2023లో 305. 2018లో పిట్స్‌బర్గ్ యూదుల ప్రార్థనా మందిరం (సినగాగ్)లో 11 మందిని చంపిన కాల్పులు, 2022 జనవరిలో టెక్సాస్‌లోని కాలీవిల్ సినగాగ్‌లో బందీల ఘటన ఆ ఒత్తిడికి బలమిచ్చాయి. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాపై జరిగిన దాడి భారతీయులందరికీ గుర్తుండే ఉంటుంది.

మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది కానీ, 2023లో ఒక్కో స్థలానికి గరిష్ఠ పరిమితి 150,000 డాలర్లు. 305 మిలియన్లను ఆ లెక్కన పంచితే సుమారు రెండు వేల స్థలాలకే సరిపోతుంది. ఆ ఏడాది దరఖాస్తు చేసినవాటిలో సగానికన్నా తక్కువే నెగ్గాయి. కాబట్టి వాషింగ్టన్‌లో నిధి పెరగడం వేరు, ఒక గుడి తలుపుకు గట్టి తాళం పడటం వేరు. ఈ రెంటికీ మధ్య ఏం జరుగుతుందన్నదే ఈ కేసులో చూడాల్సింది.

గుడి కట్టడం ఒకప్పటి చర్చి, యాభై ఏళ్ళు దాటినది. కొని, లోపల గర్భగుడులు కట్టి, వెనక వంటశాల పెంచారు. పూజారి కుటుంబం ఆవరణలోనే ఉంటుంది. ఆదివారం పొద్దున పిల్లలకు తెలుగు బడి, మధ్యాహ్నం భోజనాలు.

సమస్య ఎలా వచ్చింది

ఒక రాత్రి ముందు గోడ మీద ద్వేషపు రాతలు రాశారు. అంతకుముందు కూడా ఫోన్‌లో బూతులు, పార్కింగ్‌లో కారు ఆపి పిల్లలవైపు కేకలు వేయడం లాంటివి జరిగాయి. కానీ ఏ ఒక్కదానికీ పోలీసు రిపోర్టు లేదు. "ఎందుకండీ గొడవ, రంగు వేసేద్దాం" అన్నదే ప్రతిసారీ కమిటీ నిర్ణయం. ఈసారి వీధి వైపు గోడ కావడంతో విషయం బయటికొచ్చింది, టీవీ వాళ్ళు వచ్చారు. ఆ వారంలోనే ఆ నియోజకవర్గం కాంగ్రెస్ సభ్యుడు గుడికొచ్చి, ప్రార్థనా స్థలాల భద్రతకు నిధులు పెంచాలని సభలో గట్టిగా పోరాడుతున్నానని, ఈ గుడికి తన పూర్తి మద్దతు ఉంటుందని చెప్పారు.

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. కమిటీ మాత్రం దాన్ని మంజూరు కింద లెక్కేసుకుంది. కొన్ని నెలలు ఎవరూ దరఖాస్తు ఊసెత్తలేదు, సభ్యుడి ఆఫీసు నుంచి కబురు వస్తుందని చూస్తూ కూర్చున్నారు. ఫెడరల్ గ్రాంటులో సభ్యుడి సిఫారసుకు మార్కులు లేవు. దరఖాస్తు వెళ్ళేది ఆయన ఆఫీసుకూ కాదు, నేరుగా ఫీమాకూ కాదు. ప్రతి రాష్ట్రంలో ఒక స్టేట్ అడ్మినిస్ట్రేటివ్ ఏజెన్సీ ఉంటుంది. గుడి దానికి ఇస్తుంది, అది వరుస కట్టి ఫీమాకు పంపుతుంది. 2023లో ఫీమా ప్రకటన ఫిబ్రవరి 27న వచ్చింది, రాష్ట్రాలు పంపాల్సిన గడువు మే 18. రాష్ట్రాలకు తమ పని చూసుకోవడానికి సమయం కావాలి కనుక గుళ్ళకిచ్చే గడువు ఇంకా ముందే ముగుస్తుంది. ప్రకటన వచ్చాక మొదలుపెట్టిన గుడికి మిగిలేది కొద్ది వారాలే.

మొదటి దరఖాస్తు

2022లో హడావిడిగా ఒక దరఖాస్తు వేశారు. అది తిరిగొచ్చింది. ఎందుకో అర్థం కావాలంటే అందులో ఏం రాశారో చూడాలి.

కమిటీలో ఒకాయన స్నేహితుడు కెమెరాల వ్యాపారి. ఆయన ఉచితంగా గుడి అంతా చూసి 'సెక్యూరిటీ అసెస్‌మెంట్' రాసిచ్చారు. అందులో ప్రతి లోపానికీ మందు కెమెరాయే: మొత్తం 16 కెమెరాలు, రికార్డర్, పెద్ద తెర. ముప్పు భాగంలో దేశవ్యాప్తంగా ద్వేషనేరాలు పెరుగుతున్నాయని రెండు పేరాలు, అంతర్జాతీయ ఉగ్రవాదం మీద ఒక పేరా. గోడ మీది రాతల గురించి ఒకే వాక్యం, కేసు నంబరు లేదు. కాంగ్రెస్ సభ్యుడి మద్దతు లేఖను మాత్రం మొదటి పేజీగా పెట్టారు.

దరఖాస్తు చదివేవాళ్ళు మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతారు. ఈ చోటికి ఉన్న ముప్పు ఏమిటి? ఆ ముప్పు లోపలికి రావడానికి దారిస్తున్న లోపం ఏది? వస్తే ఎవరికి, ఎంత నష్టం? కొనబోయే ప్రతి వస్తువూ రెండో ప్రశ్నలోని ఒక లోపానికి కట్టుబడి ఉండాలి. ఇక్కడ ఆ తాడు తెగింది. ముప్పు దేశానిది, లోపం కెమెరా లేకపోవడం, నష్టం 'భయాందోళన'. ఇది ఏ గుడికైనా అతికే కాగితం, కాబట్టి ఏ గుడికీ మార్కులు తెచ్చిపెట్టదు.

నెగ్గి ఉంటే ఇంకా పెద్ద చిక్కు వచ్చేది. ఫెడరల్ డబ్బుతో కొనేటప్పుడు, స్పెసిఫికేషన్లు రాసిచ్చిన వ్యాపారి అదే పనికి కొటేషన్ ఇవ్వకూడదు. కమిటీ సభ్యుడికి స్వప్రయోజనం ఉన్న కంపెనీ ఎంపికలో ఆ సభ్యుడు పాల్గొనకూడదు. 'మనవాడే, లాభం లేకుండా ఇస్తానన్నాడు' అన్నది ఆడిట్‌లో చెల్లే మాట కాదు. పైగా ఆయన సూచించిన కెమెరాలు హిక్‌విజన్ తయారీవే, పైన వేరే బ్రాండు పేరు. 2019 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలోని 889వ సెక్షన్ ప్రకారం చైనా కంపెనీలైన హిక్‌విజన్, దహువా, హైటెరా, హువావే, జెడ్‌టీఈ పరికరాలను గ్రాంటు డబ్బుతో కొనడం నిషేధం. పెట్టె మీద పేరు మారినా లోపలి తయారీదారు మారడు. అందుకే తయారీదారు నుంచి రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోకుండా ఆర్డరు పెట్టకూడదు.

ఇంకో చిన్న విషయం చాలా సమయం తినేసింది. సంస్థకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే యూఈఐ, దరఖాస్తుకు తప్పనిసరి. గుడికి ఆదాయపు పన్ను రికార్డుల్లో పాత 'సాంస్కృతిక సమితి' పేరు ఉంది, బోర్డు మీద దేవస్థానం పేరు, చిరునామా ఒక మాజీ కార్యదర్శి ఇల్లు. మూడూ కలవక సంఖ్య ఆగింది. దీనికి తోడు కమిటీ ఆ సంఖ్యలిచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్ సామ్ (SAM.gov)లో పూర్తి రిజిస్ట్రేషన్ కోసం వారాలు తిప్పలు పడింది. రాష్ట్రం ద్వారా అందుకునే గుడికి యూఈఐ చాలు, పూర్తి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సంఖ్య ఉచితం. డబ్బు అడిగే మధ్యవర్తులకు పైసా ఇవ్వనక్కర్లేదు.

సభ్యుడి ఆఫీసును దేనికి వాడాలి

దరఖాస్తు పోయాక కమిటీలో కొందరికి సభ్యుడి మీద కోపం వచ్చింది. అది తగదు. చట్టసభ సభ్యుడు చేయగలిగింది మూడు. నిధి మొత్తాన్ని పెంచడానికి పోరాడటం, పథకం నిబంధనలు మార్చడం, తన నియోజకవర్గం వాళ్ళకు ప్రభుత్వ తలుపులు ఎక్కడున్నాయో చూపించడం. మూడోదే ఈ గుడికి బాగా పనికొచ్చింది. ఆయన నియోజకవర్గ ఆఫీసులో కేసులు చూసే ఉద్యోగికి కమిటీ, నేను కలిసి సూటిగా రెండు ప్రశ్నలు పంపాం: రాష్ట్ర ఏజెన్సీలో ఈ గ్రాంటు చూసే అధికారి ఎవరు? సిసా (సైబర్, మౌలిక సదుపాయాల భద్రతా సంస్థ) తరఫున ఈ ప్రాంతంలో ఉన్న ప్రొటెక్టివ్ సెక్యూరిటీ అడ్వైజర్ ఎవరు?

సిసా కూడా హోంలాండ్ సెక్యూరిటీ శాఖలోదే. ఆ సలహాదారు వచ్చి కట్టడం మొత్తం చూస్తారు, ఉచితంగా. అమ్మేది ఏమీ లేదు కనుక ఆయన కళ్ళు కెమెరా దగ్గరే ఆగవు. అసెస్‌మెంట్ మళ్ళీ మొదటినుంచి చేయించడానికి కారణం ఇదే. స్థానిక పోలీసులతోనూ చేయించవచ్చు. కానీ ఈ గుడికి అప్పటికి పోలీసులతో పరిచయమే లేదు. వాళ్ళతో ముందు రిపోర్టులు నమోదు చేయించే పని పెట్టుకున్నాం. పాత ఫోన్ బెదిరింపులకు సంబంధించి దొరికిన వాయిస్ మెయిళ్ళు, తేదీలు, కారు ఫోటో కలిపి ఇస్తే ఆలస్యంగానైనా నమోదు చేశారు. రిపోర్టు లేని సంఘటన గ్రాంటు కాగితంలో జరగనట్టే లెక్క.

లోపాలు ఎక్కడ బయటపడ్డాయి

సలహాదారు ఆదివారం వచ్చారు. ఖాళీ గుడిని చూసి లాభం లేదు, జనం ఉన్నప్పుడే చూడాలి. ముందు తలుపు గట్టిదే, తాళం పడుతుంది. వెనక వంటశాల తలుపు కింద బియ్యం మూట అడ్డంపెట్టి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తెరిచే ఉంచారు. అక్కణ్ణుంచి నేరుగా భోజనాల హాలు, దాని పక్కనే తెలుగు బడి గదులు. పదహారు కెమెరాలు పెట్టినా ఆ తలుపులోంచి వచ్చేవాణ్ణి ఏ కెమెరా ఆపదు, వచ్చాడని రికార్డు చేస్తుంది, అంతే.

తలుపుకు అలారం పెట్టడం సులువైన జవాబు. దాన్ని ఒప్పుకోలేదు. తలుపు ఎందుకు తెరుస్తున్నారో అడిగితే, పొగ గొట్టం సరిగా లాగక పోపు ఘాటుకు కళ్ళు మండుతున్నాయని, వ్యానులోంచి గంగాళాలు దించేటప్పుడు ప్రతిసారీ తలుపు తీయలేమని వాలంటీర్లు చెప్పారు. ఆ రెండు కారణాలూ తీరకుండా అలారం పెడితే రెండో వారానికే దాని తీగ పీకేస్తారు. అందుకని ఎగ్జాస్ట్ ఫ్యాన్ గుడి సొంత డబ్బుతో వేయించాం, అది భద్రతా ఖర్చు కాదు కనుక గ్రాంటులో చేర్చలేదు. తలుపుకు మాత్రం గ్రాంటులో కార్డు రీడర్, కరెంటు పోయినా బయటినుంచి తెరుచుకోని తాళం, లోపలినుంచి ఒక్క తోపుతో తెరుచుకునే పానిక్ బార్, తెరిచి ఉంచితే మోగే గంట పెట్టాం. జనం గుమిగూడే చోట అగ్ని ప్రమాద నిబంధనలు భద్రతకన్నా ముందు: లోపలివాళ్ళు తాళంచెవి, కార్డు ఏదీ లేకుండా బయటపడగలగాలి.

ముందువైపు చెప్పులు విడిచే చోటు రెండో లోపం. పార్కింగ్ నుంచి నేరుగా వచ్చే దారి సరిగ్గా అక్కడికే ముగుస్తుంది. జనం వంగి చెప్పులు విప్పుకుంటూ, పిల్లల్ని పట్టుకుంటూ రోడ్డుకు వీపు పెట్టి నిలబడతారు. రెండు గోడల మధ్య 33 అడుగుల వెడల్పు. అక్కడ ఇనుప స్తంభాలు, అంటే బొల్లార్డ్‌లు అవసరమని తేలింది. స్తంభాల మధ్య ఖాళీ 4 అడుగులకు మించితే చిన్న కారు దూరిపోతుంది, 3 అడుగులకు తగ్గితే చక్రాల కుర్చీ పట్టదు. పది అంగుళాల స్తంభాలు ఆరు నిలిపితే ఏడు ఖాళీలు వస్తాయి, ఒక్కోటి 4 అడుగులు. సామర్థ్యం ఎం30 ఎంచుకున్నాం: 15,000 పౌన్ల ట్రక్కు గంటకు 30 మైళ్ళ వేగంతో గుద్దినా ఆపుతుంది. 50 మైళ్ళ వేగాన్ని ఆపే ఎం50 ఎందుకు వద్దన్నామంటే, పార్కింగ్‌లో నేరుగా పరుగు తీసే దారి పొట్టిది, మధ్యలో ఒక మలుపు పెడితే వాహనం అంత వేగం అందుకోలేదు. ఉత్త ఇనుప పైపులో కాంక్రీటు పోసి నిలిపింది బొల్లార్డ్ కాదు. అది పార్కింగ్ గుర్తు మాత్రమే.

మూడోది మన పండుగలు తెలిసినవాళ్ళకే తట్టేది. వైకుంఠ ఏకాదశి నాడు ఉత్తర ద్వారం తెరుస్తారు. ఏడాది పొడవునా మూసి ఉండే తలుపు అది, చీకటిగా ఉండే పక్క. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారక ముందే జనం ఆ గోడ వెంట వీధి దాకా బారులు తీరి నిలబడతారు. సలహాదారుకు ఇది ఎవరూ చెప్పలేదు, అడగాలని ఆయనకు తెలియదు. కమిటీకి అది లోపంలా కనబడలేదు, భక్తిగా కనబడింది. గుడి భద్రత చూసేవాళ్ళు పంచాంగం ముందు పెట్టుకుని, ఏ తిథినాడు ఏ తలుపు, ఎంతమంది, ఏ వేళ అని అడగాలన్నది ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. శివరాత్రి జాగరణ, వీధిలో జరిగే గణపతి ఊరేగింపు కూడా అలాంటివే.

కెమెరాలు తొమ్మిదికి తగ్గాయి. లెక్క ఇది: మనిషి ముఖం గుర్తుపట్టాలంటే మీటరుకు 250 పిక్సెళ్ళు కావాలి. 2,560 పిక్సెళ్ళ వెడల్పున్న కెమెరా అలా చూపగలిగేది సుమారు 10 మీటర్ల మేరే. అదే కెమెరాను 40 మీటర్ల పార్కింగ్ మీద పెడితే మీటరుకు 64 మిగులుతాయి, ఎవరో నడుస్తున్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. కాబట్టి ప్రతి తలుపుకూ దగ్గరగా ఒకటి, పార్కింగ్‌కు మొత్తం కనబడేలా రెండు, గేటు దగ్గర కారు నంబరు ప్లేటు కోసం వేగమైన షట్టర్ ఉన్నది ఒకటి. మిగిలిన డబ్బు ఉత్తరం పక్క దీపాలకు, బడి గదుల కిటికీలకు వెళ్ళింది. కిటికీ అద్దాలకు లోపలివైపు 8 మిల్ (అంగుళంలో వెయ్యోవంతులు ఎనిమిది) మందం ఫిల్మ్ వేసి, అంచుల్ని చట్రానికి సీలెంట్‌తో పట్టించాలి. చట్రానికి పట్టించని ఫిల్మ్ ఉంటే పగిలిన అద్దం మొత్తం ఒకే పలకగా ఊడొస్తుంది. ఫిల్మ్ తూటాను ఆపదు. లోపలికి రావడాన్ని కొద్దిసేపు ఆలస్యం చేస్తుంది, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడానికి కావలసింది ఆ కొద్దిసేపే.

రెండో దరఖాస్తు

2023లో వేసిన దరఖాస్తులో మొదటి పేజీ సభ్యుడి లేఖ కాదు, పోలీసు కేసు నంబర్లు, తేదీలు. ఉత్తర ద్వారాన్ని పురాణంతో వివరించలేదు. "ఏడాదిలో ఒక రోజు, సూర్యోదయానికి ముందు, వందలాది మంది వెలుతురు లేని గోడ వెంట, ఒకే తలుపు ముందు, వీధికి ఆనుకుని నిలబడతారు" అని రాశాం. చదివే అధికారికి వైకుంఠం తెలియనక్కర్లేదు, జనం, చీకటి, వీధి తెలిస్తే చాలు. ప్రతి కొనుగోలు పక్కన అది మూసే లోపం సంఖ్య వేశాం. దేనికీ జతపడని పెద్ద తెర జాబితాలోంచి పోయింది. ద్వారం దగ్గర నిలబడే వాలంటీర్లకు శిక్షణను చేర్చాం. కాలీవిల్‌లో దుండగుడు తలుపు పగలగొట్టి రాలేదు, అతిథిగా వచ్చి టీ తాగాడు. చివరిదాకా మిగిలిన బందీలు బయటపడింది అక్కడి యూదు మతగురువు (రబ్బీ) కుర్చీ విసిరి దారి చేసుకోవడం వల్ల. అందుకు తాను తీసుకున్న శిక్షణే కారణమని ఆయన చెప్పారు.

దరఖాస్తు నెగ్గింది.

మంజూరయ్యాక

ఇక్కడ చాలా గుళ్ళు దెబ్బతింటాయి, కాబట్టి వివరంగా చెప్పాలి. మంజూరు లేఖ వచ్చిన మర్నాడే కాంట్రాక్టరును పిలవకూడదు. నేల తవ్వే పనికి, గోడకు రంధ్రం పెట్టే పనికి ఫీమా పర్యావరణ, చారిత్రక సమీక్ష పూర్తవ్వాలి. అంతకుముందు గునపం దించితే ఆ ఖర్చు మొత్తం గుడి నెత్తిన పడుతుంది. పాత చర్చి కావడంతో రాష్ట్ర చారిత్రక పరిరక్షణ అధికారి కూడా చూడాల్సి వచ్చింది. ఫిల్మ్ లోపలివైపే వేస్తాం, బయటి రూపు మారదు అని మొదటే రాసి ఉండటంతో ఆ ముక్క సాఫీగా నడిచింది. బొల్లార్డ్‌లకు గుంతల పొడవు, వెడల్పు, లోతు, ఆకాశం నుంచి తీసిన చిత్రం మీద గుర్తులు, నాలుగు వైపుల ఫోటోలు ఇవ్వాలి. కింద గ్యాసు గొట్టం ఉండటంతో తక్కువ లోతులో నిలిచే రకం ఎంచుకున్నాం. తవ్వే ముందు 811కు ఫోన్ చేసి గొట్టాలకు గుర్తులు వేయించడం తప్పనిసరి.

డబ్బు ముందుగా రాదు. గుడి ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తే రాష్ట్రం తిరిగి ఇస్తుంది. గోపురం పనికి అప్పటికే అప్పు ఉన్న గుడికి ఇది కష్టం. పనిని మూడు ముక్కలు చేశాం. మొదట తలుపులు, దీపాలు, వాటి డబ్బు తిరిగొచ్చాక కెమెరాలు, ఫిల్మ్, ఆఖర్న బొల్లార్డ్‌లు. అలా చేస్తే ఏ సమయంలోనూ గుడి చేతిలోంచి పోయిన మొత్తం మూడో వంతుకు పెద్దగా మించదు. గడువు మూడేళ్ళ దాకా ఉండటంతో తొందర లేదు. ప్రతి ముక్కకూ కొటేషన్లు మూడు, ఇన్వాయిస్, బ్యాంకు చెల్లింపు రుజువు, సీరియల్ నంబర్లు, బిగించాక ఫోటో. ఒక భక్తుడు కార్డు రీడర్ల డబ్బు తన సొంత క్రెడిట్ కార్డుతో కట్టబోతే ఆపాం. మంచి మనసే, కానీ గుడి ఖాతాలోంచి పోని డబ్బును గుడికి తిరిగివ్వమని రాష్ట్రాన్ని అడగలేం. ఆయన విరాళం గుడి ఖాతాలో వేశారు, గుడి కంపెనీకి కట్టింది.

సమీక్ష మధ్యలో ఫైలు కదలకపోతే మళ్ళీ సభ్యుడి ఆఫీసుకే వెళ్ళాం. స్థితి ఏమిటని వాళ్ళు ఒక ఉత్తరం రాస్తే, అడిగిన ఫోటో ఒకటి చేరలేదని జవాబొచ్చింది. పంపాక ఫైలు కదిలింది.

పని అయ్యాక సభ్యుడు గుడికొచ్చినప్పుడు కమిటీ ఆయనకు దండతో పాటు ఒక కాగితం ఇచ్చింది. నిధి పెంచమని మాత్రమే అడగవద్దని ముందే అనుకున్నాం. 2024లో ఏటి పద్దు 305 నుంచి 274.5 మిలియన్లకు తగ్గింది, కాబట్టి ఆ పోరాటం ఎటూ ఆయన చేయాల్సిందే. కాగితంలో రాసినవి వేరు: చిన్న సంస్థలకు కొంత భాగం ముందుగా ఇవ్వాలి, నేల తవ్వని పనులకు సమీక్ష త్వరగా తేల్చాలి, తిరస్కరించిన దరఖాస్తుకు మార్కులు ఎక్కడ తగ్గాయో రాసి పంపాలి.

పరికరాలు బిగించడంతో పని అయిపోదు. నెలకోసారి అన్ని పానిక్ బార్లు తోసి చూడటం, రికార్డర్‌లో నెల రోజుల దృశ్యాలు నిజంగా ఉన్నాయో తెరిచి చూడటం, కమిటీ మారినప్పుడు పాతవాళ్ళ కార్డులు రద్దు చేయడం, ఈ మూడూ ఇప్పుడు కోశాధికారి పనుల జాబితాలో ఉన్నాయి. ధనుర్మాసం మొదలయ్యే వారంలో ఉత్తరం పక్క దీపాలు రాత్రిపూట వెలిగించి చూస్తారు, ఏకాదశి నాటి పోలీసు బందోబస్తుకు ఉత్తరం కూడా అప్పుడే వెళ్తుంది.